ఒకే చీరకు మూడు ధరలు

నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, పేట బయటపెట్టొద్దన్నారు. ఆమెకు 47 ఏళ్లు, అత్తకు 71, కూతురికి 23. ముగ్గురూ చీరలు అమ్ముతారు. ఇల్లు ఒకటే, చీరలు పెట్టే బీరువా ఒకటే.

అత్త ఎన్నో ఏళ్ల కిందట వెంకటగిరి, పాటూరు నేతగాళ్ల దగ్గర నేరుగా చీరలు తెచ్చి, ఆఫీసుల్లో, స్కూళ్లలో పనిచేసే ఆడవాళ్లకు వాయిదాల మీద ఇవ్వడం మొదలుపెట్టారు. ఇప్పుడు మోకాళ్లు సహకరించక గడప దాటడం లేదు. అయినా వ్యాపారం ఆపలేదు. వీడియో కాల్‌లో చీర విప్పి చూపిస్తారు, లెక్క పాత నోటుపుస్తకంలో రాసుకుంటారు. 2020 లాక్‌డౌన్‌లో కోడలు వాట్సాప్ గ్రూపు పెట్టారు. అందులో ఇప్పుడు ఏడు వందల మంది ఉన్నారు. డిగ్రీ అయ్యాక కూతురు ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరిచి రీల్స్, లైవ్‌లు చేస్తోంది.

మొన్న ఆషాఢంలో ఆ అమ్మాయి ఎవరినీ అడక్కుండా ఇరవై శాతం తగ్గింపు, కొరియర్ ఉచితం అని పెట్టింది. అత్త వాయిదాల మీద 4,200కు ఇచ్చే కాటన్ చీర, ఈమె గ్రూపులో రెడీక్యాష్‌కి 3,900, కూతురి పేజీలో 3,360. అత్త దగ్గర ఏళ్ల తరబడి కొంటున్న ఒకావిడ ఆ ఆఫర్ తన కూతురి ఫోన్‌లో చూశారు. అదే చీరకు ఆమె అప్పటికే నెలకు 1,050 చొప్పున రెండు వాయిదాలు కట్టి ఉన్నారు. "నీ మాట మీద రంగు కూడా చూడకుండా తీసుకున్నాను గదా, నాకేనా ఎక్కువ?" అని ఫోన్‌లోనే ఏడ్చేశారట. ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవ. "నాయనమ్మా, నీ కాలం అయిపోయింది" అంది మనవరాలు. "నువ్వు ఆ పేజీలో మరమగ్గం చీరను వెంకటగిరి చేనేత అని అమ్మడం నేను చూడలేదనుకున్నావా" అన్నారు పెద్దావిడ. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ముగ్గురి పార్శిళ్లూ ఈమే రాత్రి పదకొండు దాకా కూర్చుని కడుతున్నారు. భర్త "మీలో మీరు తేల్చుకోండి" అని తప్పుకున్నారు. ఎవరి పక్షాన నిలబడాలి, వ్యాపారాలు విడగొట్టాలా, లేక నా గ్రూపు మూసేసి అంతా అమ్మాయికే అప్పజెప్పాలా అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా,

పాత తరానికీ కొత్త తరానికీ పడటం లేదని మీరు రాశారు. నాకు అలా అనిపించలేదు. మీ అత్త 71 ఏళ్ల వయసులో వీడియో కాల్‌లో చీర అమ్ముతున్నారు. కొత్తదంటే భయపడే మనిషి ఇలా చేయరు. ఆషాఢం ఆఫర్ వచ్చేదాకా ముగ్గురి మధ్యా పెద్దగా గొడవలు రాలేదని మీరే రాశారు. అంటే ఇన్నాళ్లూ ఎవరి పద్ధతిలో వాళ్లు అమ్ముకున్నా ఇబ్బంది రాలేదు. ఒకే చీరకు మూడు ధరలు ఉన్నాయన్న సంగతి బయటి మనిషి నోట వచ్చినప్పుడే ఇల్లు భగ్గుమంది. అందుకే ఎవరి పక్షమా అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ముందు లెక్క చూద్దాం.

ఆ చీర నేతగాడి దగ్గర 2,900కు పడుతుందని రాశారు. అమ్మాయి 3,360కు అమ్మింది. కొరియర్‌కు 130, పెట్టె, కవరుకు 40 పోతే చేతికి వచ్చింది 3,190. అంటే చీరకు 290 మిగులు. ఆ ఆఫర్ కోసం ఐదు వేలు పెట్టి ప్రకటన నడిపితే పదహారు చీరలు పోయాయన్నారు. ప్రకటన ఖర్చు చీరకు 312 పైచిలుకు. అంటే అమ్మిన ప్రతి చీరకూ ఇరవై రెండు రూపాయలు చేతిచమురు వదిలింది. మీరు కూర్చుని కట్టిన పార్శిళ్ల కూలి ఇందులో లేదు. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి, తీసుకోకుండా వెనక్కి పంపినవాళ్ల కొరియర్ ఖర్చూ లేదు.

అమ్మాయికి ఈ లెక్క ఎవరూ చెప్పి ఉండరు. ఆమె చూసుకున్నది పదహారు ఆర్డర్లు, పెరిగిన ఫాలోవర్లు. తన కష్టం ఫలించిందనే నిజంగా నమ్మింది. అలాంటి సమయంలో నాయనమ్మ కోప్పడితే, తన పని చూసి ఓర్వలేక అంటోందనుకుంది. కాబట్టి తిట్లతో పని జరగదు. పక్కన కూర్చోబెట్టి పై లెక్క ఆమె చేతే రాయించండి. ఎవరో చెబితే విననిది తన చేత్తో రాసుకున్నప్పుడు అర్థమవుతుంది.

అయితే అత్త లెక్కలోనూ లోటు ఉంది, అది కూడా చెప్పుకోవాలి. చీరకు 1,300 మిగులు కనిపిస్తుంది గానీ ఆ డబ్బు నాలుగు నెలలకు వస్తుంది. కొన్నిసార్లు అసలు రాదు. నోటుపుస్తకంలో లక్షా నలభై వేలు వసూలు కాకుండా ఉన్నాయని రాశారు. అడగడానికి ఆవిడకు మొహమాటం. ఆ లక్షా నలభై వేలు చేతిలో ఉంటే దాదాపు నలభై ఎనిమిది చీరలు అప్పు లేకుండా తేవచ్చు. మనవరాలు నోటుపుస్తకాన్ని వెక్కిరించింది గానీ, అదే అమ్మాయి ఆ పేర్లను ఫోన్‌లోకి ఎక్కించి, వాయిదా తేదీకి ముందురోజు మర్యాదగా ఒక మెసేజ్ పంపితే చాలా బాకీలు కదులుతాయి. అడిగింది మనవరాలు కాబట్టి పెద్దావిడకు మొహమాటమూ ఉండదు. మీ ఇంట్లో ఈ ఇద్దరికీ ఒకరి అవసరం ఒకరికి ఎంత ఉందో వాళ్లకే తెలియడం లేదు.

ఇక మీ ముందున్న దారులు.

విడగొట్టడం మొదటిది. కోపంలో అందరికీ ఇదే తోస్తుంది. కానీ వెంకటగిరి, పాటూరు నేతగాళ్లు సరుకు ఇచ్చేది మీ అత్త మాట మీద. అమ్మాయి వేరుపడితే ఆ చీరలు ఆమెకు అదే ధరకు, అదే అరువుకు రావు. హోల్‌సేల్ సరుకు తెచ్చుకోవాలి, దానికి పెట్టుబడి కావాలి. ఒకవేళ మీ బీరువాలోంచే తీసుకుని వేరే పేరుతో అమ్మితే ఈ ధరల గొడవ మళ్లీ మొదటికే వస్తుంది. విడగొట్టాలనే అనుకుంటే సరుకును కూడా విడగొట్టండి. రోజూ కట్టుకునేవి, కాలేజీ అమ్మాయిలు కట్టేవి, తక్కువ ధరవి ఆమె పేజీకి. చేనేత మీకూ అత్తకూ. అప్పుడు పోలిక రాదు. అయితే అమ్మాయి పేజీకి ఇప్పుడున్న గుర్తింపంతా ఆ చేనేత చీరల వల్లే వచ్చిందేమో చూసుకోండి. అదే నిజమైతే విడిపోయాక ఎక్కువ నష్టం ఆమెకే.

రెండోది, కలిసే ఉండి ధర ఒకటి చేసుకోవడం. నా మొగ్గు దీనివైపే, ఎందుకో చెబుతాను. చీరకు అసలు ధర 3,900 అని ముగ్గురూ ఒప్పుకోండి. వాయిదాల మీద అయితే 4,200 అని, ఆ మూడు వందలు నాలుగు నెలలు ఆగినందుకని అత్త ఖాతాదారులకు ముందే చెప్పండి. చెప్పి తీసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఇన్‌స్టాలో కూడా 3,900, కొరియర్ అదనం. తగ్గింపు ఇవ్వాలనుకుంటే ముగ్గురూ కూర్చుని నిర్ణయించుకోండి. ఇచ్చే రోజున మూడుచోట్లా ఒకేసారి ఇవ్వండి. అంతకు ఒకరోజు ముందే పాత ఖాతాదారులకు ఫోన్ చేసి చెప్పే అవకాశం అత్తకు ఇవ్వండి. ఆ ఫోన్ కాల్ విలువ ఆవిడకు బాగా తెలుసు.

దీనివల్ల వచ్చే చిక్కు కూడా చెప్పాలి. అమ్మాయి పేజీలో అమ్మకాలు మొదట్లో పడిపోతాయి. తగ్గింపు కోసమే వచ్చినవాళ్లు వెళ్లిపోతారు. రెండు మూడు నెలలు ఆమె డీలా పడుతుంది, "చెప్పాను గదా" అంటుంది. అప్పుడు మీరు కంగారుపడి మళ్లీ ధర తగ్గిస్తే ఇంక ఎప్పటికీ నిలదొక్కుకోలేరు. ఆమె ఉత్సాహం చల్లారకుండా ఒక పని చేయొచ్చు. ఒక్కటొక్కటిగా మిగిలిపోయినవి, మడత మీద రంగు కాస్త మారినవి, రెండేళ్లుగా కదలనివి ప్రతి ఇంట్లో ఉంటాయి. నెలకో లైవ్ పెట్టి వాటిని మాత్రం ఉన్నది ఉన్నట్టు చూపించి తగ్గింపుకి అమ్మమనండి. ఆ ధర ఎంతన్నది ఆమె ఇష్టం. పాత సరుకు కదులుతుంది, కొత్త చీర ధరకు దెబ్బ తగలదు.

అంతా అమ్మాయికి అప్పజెప్పి మీరు తప్పుకోవడం మూడోది. మీరు అలసిపోయి ఉన్నారు, ఉత్తరంలో ప్రతి పేజీలో అది కనిపిస్తోంది. కానీ మీ గ్రూపులో ఉన్న ఏడు వందల మందీ ఇన్‌స్టాకు రారు. వాళ్లలో చాలామంది మీ వయసువాళ్లు, మీతో చీర గురించి రెండు మాటలు మాట్లాడి కొనేవాళ్లు. గ్రూపు మూస్తే ఆ అమ్మకం ఎక్కడికీ మారదు, ఊరికే పోతుంది. పైగా అమ్మాయికి 23 ఏళ్లు. రేపు బెంగళూరులో ఉద్యోగమొచ్చినా, పెళ్లయి వెళ్లినా మీరు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. విశ్రాంతి కావాలంటే తీసుకోండి, ఒక నెల గ్రూపును ఆమెకు అప్పగించి చూడండి. కానీ మూసేయొద్దు.

ఆ పాత ఖాతాదారు విషయం ఆలస్యం చేయకండి. ఆమె దగ్గర ఇంకా 2,100 రావాలి. ఆఫర్‌కూ ఆమె ధరకూ తేడా 840. ఆ తేడా తగ్గించి 1,260 మాత్రమే తీసుకోవచ్చు. అలా చేస్తే ఆమె మనసు కుదుటపడుతుంది, కానీ నోటుపుస్తకంలో అదే చీర తీసుకున్న మిగతావాళ్లకూ తగ్గించాల్సి వస్తుంది, ఈ మాట దాగదు. వాళ్లు నలుగురైదుగురే అయితే అందరికీ తగ్గించేయండి. ఎక్కువమంది ఉంటే డబ్బు తగ్గించకుండా, వాయిదా ధర ఎందుకు ఎక్కువో వివరించి, దసరాకు తీసుకునే చీర మీద కొంత తగ్గిస్తామని చెప్పవచ్చు. ఏది చేసినా మాట్లాడాల్సింది మీ అత్తే. అయితే ఫోన్ పక్కన మనవరాలు ఉండి, ఆఫర్ తానే పెట్టానని, నాయనమ్మకు తెలియదని ఆమెతో ఒక్కమాట చెప్పాలి. మోసం చేశారన్న అనుమానం పెద్దావిడ మీద నుంచి పోవడానికి అంతకంటే మార్గం లేదు.

ఇక మరమగ్గం చీర సంగతి. మీ ఉత్తరంలో దీన్ని రెండు వాక్యాల్లో ముగించేశారు. నాకు మాత్రం ఇదే అన్నిటికంటే పెద్దదిగా తోచింది. ధర తప్పితే దిద్దుకోవచ్చు. చేనేత కానిదాన్ని చేనేత అంటే మాత్రం, మీ అత్త ఇన్నేళ్లు మోకాళ్లు అరగదీసుకుని సంపాదించిన నమ్మకం పోతుంది. చట్టం మాటా చూడండి. వెంకటగిరి చీరకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. ఆ పేరు వేరే చీరకు పెట్టి అమ్మకూడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది. ఇంకోటి, అమ్మాయి పేజీలో "పార్శిల్ విప్పే వీడియో లేకపోతే రిటర్న్ లేదు" అని రాసి ఉందన్నారు. చిరుగు, మరక లాంటివాటికి రుజువు అడగడంలో తప్పులేదు. కానీ వస్తువు ప్రకటనలో చెప్పినట్టు లేకపోతే వెనక్కి తీసుకోవడానికి నిరాకరించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. చేనేత అని నమ్మి కొన్నవాళ్లు అడిగితే డబ్బు తిరిగి ఇవ్వాల్సిందే. ఆ రీల్‌ను వెంటనే తీయించండి. ఆ చీరలు కొన్నవాళ్లకు వాళ్లు అడగకముందే మెసేజ్ పెట్టి, ఉంచుకుంటారా, వెనక్కి పంపుతారా అని అడగమనండి. కొంత డబ్బు పోతుంది, పోనివ్వండి.

అమ్మాయి కావాలని మోసం చేసిందని నేననుకోను. హోల్‌సేల్ అతను చెప్పింది నమ్మి ఉంటుంది, ఆమెకు తేడా తెలియదు. తెలిసిన మనిషి ఇంట్లోనే ఉన్నారు. వెంకటగిరి చీర మీద వచ్చే జాందానీ పువ్వును మగ్గం మీద చేత్తో దారం చుట్టి ఎక్కడికక్కడ నేస్తారు, అందుకే చీర తిరగేసినా పువ్వు దాదాపు ముందువైపు లాగే శుభ్రంగా ఉంటుంది. మరమగ్గం నకలును తిరగేస్తే పువ్వుకీ పువ్వుకీ మధ్య సాగిన దారాలు కనిపిస్తాయి, లేదంటే వాటిని కత్తిరించిన కొసలు వేలికి గరుగ్గా తగులుతాయి. మీ అత్త ఇది కళ్లు మూసుకుని చెప్పగలరు. కొత్త సరుకు వచ్చిన రోజున ప్రతి చీరా ముందు ఆవిడ చేతుల్లోకి వెళ్లాలని, ఆవిడ చేనేత అన్నదాన్నే పేజీలో చేనేత అని రాయాలని ఇంట్లో నియమం పెట్టుకోండి. దాన్ని వీడియో తీస్తే జనం ఇష్టంగా చూస్తారు. ఆ మాట అమ్మాయికి నేను చెప్పక్కర్లేదు. కానీ పెద్దావిడకు ఇష్టమైతేనే తీయాలి. చేతులూ గొంతూ చాలు, మొహం వద్దంటే వద్దు. ముసలావిణ్ని చూపించి లైకులు తెచ్చుకునే పేజీలు కొన్ని ఉన్నాయి, చూస్తే బాధేస్తుంది. మీ ఇంట్లో అలా జరగకూడదు.

"నీ కాలం అయిపోయింది" అన్న మాటకు మీరు అత్త దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పారని రాశారు. మంచి మనసుతో చేశారు గానీ అది మీరు చెప్పాల్సింది కాదు. అన్న మనిషే చెప్పాలి. మీరు మధ్యలో నుంచి తప్పుకోండి. లేకపోతే ఇద్దరూ మీ చెవిలోనే చెబుతూ, అడకత్తెరలో పోకచెక్కలా మిమ్మల్నే నలిపేస్తారు.

డబ్బు సంగతి. ఇన్‌స్టా అమ్మకాలన్నీ అమ్మాయి సొంత యూపీఐకి వస్తున్నాయి, మీవి మీ ఖాతాకు, అత్తవి చేతికి. అందుకే ఎవరికి ఎంత మిగిలిందో ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు. వ్యాపారానికని విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవండి, మూడుచోట్ల డబ్బూ అందులోకే రానివ్వండి. డబ్బు కట్టినట్టు స్క్రీన్‌షాట్ పంపితే సరిపోదు, ఖాతాలో పడ్డాకే పార్శిల్ కట్టాలి, దొంగ స్క్రీన్‌షాట్లు ఎక్కువయ్యాయి. పేజీ లాగిన్ కూడా అమ్మాయి సొంత మెయిల్ మీద ఉందన్నారు. వ్యాపారానికి వేరే మెయిల్ పెట్టి, రెండంచెల భద్రత ఆన్ చేసి, మీ నంబరు కూడా అందులో ఉండేలా చూడండి. ఇది అనుమానంతో కాదు. అకౌంటు హ్యాక్ అయితే ఆమె కష్టమే కదా పోయేది.

అయితే పేజీ ఉమ్మడిది అన్నప్పుడు ఆమె పనికి ప్రతిఫలం కూడా ఉండాలి. ఇంటి పిల్లే కదా అని ఊరికే చేయించుకోవడం వల్లే చాలా ఇళ్లలో పిల్లలు ఎదురు తిరుగుతారు. నెలకు ఇంత అని జీతమో, పేజీ లాభంలో ఇంత శాతమో కాగితం మీద రాసుకోండి. జీతమైతే ఆమెకు భరోసా, మీకు అమ్మకాలు లేని నెలలో భారం. లాభంలో వాటా అయితే ఈ ఇరవై రెండు రూపాయల నష్టం లాంటివి ఆమే ముందు పసిగడుతుంది. అత్తకూ మీకూ కూడా వాటా రాసుకోండి. రాత్రి పదకొండు దాకా పార్శిళ్లు కట్టడం కూడా పనే. సీజన్‌లో రోజుకు రెండు గంటలు వచ్చే మనిషిని పెట్టుకుని, ఆ కూలిని చీర ధరలో కలపండి.

మీ గ్రూపు గురించి చిన్న మాట. గ్రూపులో చేరినవాళ్ల నంబర్లు అందరికీ కనిపిస్తాయి. ఆడవాళ్లు బయటికి వెళ్లిపోతున్నారని రాశారు, అదొక కారణం కావచ్చు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు అయితే ఒకే మెసేజ్ ఒక్కొక్కరికీ విడిగా వెళ్తుంది, నంబర్లు దాగి ఉంటాయి. కానీ ఒక్కో లిస్టులో 256 మందికే వెళ్తుంది, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే. ఏడు వందల మందికి మూడు లిస్టులు పెడితే సరిపోతుంది. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే. అందులో కేటలాగ్, అంటే ఫొటోలతో ధరల జాబితా, పెట్టుకుంటే ధర ఒక్కచోటే మార్చవచ్చు, ముగ్గురూ అదే లింకు పంపవచ్చు.

జీఎస్టీ గురించి మీరు అడగలేదు, కానీ అడగాల్సిందే. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చాలామంది ధీమాగా ఉంటారు. అది రాష్ట్రం లోపల అమ్మకాలకు. ఒంగోలుకు పంపడం వేరు, హైదరాబాద్‌కో బెంగళూరుకో పంపడం వేరు. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటితే టర్నోవర్ ఎంత ఉన్నా రిజిస్ట్రేషన్ కావాలన్నది సాధారణ నియమం. కొన్ని చేతివృత్తుల వస్తువులకు మినహాయింపు ఉంది. మీ చీరలు అందులోకి వస్తాయో లేదో నెల్లూరులోనే ఒక ఆడిటర్‌ను కలిసి, దసరా ఆర్డర్లు మొదలుకాకముందే తేల్చుకోండి. ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు నోటుపుస్తకం, మీ ఫోన్, అమ్మాయి పేజీ లెక్క మూడూ పట్టుకెళ్లండి. అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. ఆయన వేసే ప్రశ్నలన్నిటికీ ఆమే జవాబు చెప్పాలి.